ముగ్గురున్న ఇంటి గురించి ఒక్కరు రాయొచ్చా?

ఈ వారం ఉత్తరం ఒడిశాలోని బరంపురం నుంచి వచ్చింది. రాసినావిడ జర్నలిస్టు. వయసు 33. పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఇప్పుడు ఆ ఇంటి తెలుగులోనే హైదరాబాద్‌లోని ఒక వెబ్ పత్రికకు రాస్తున్నారు. ఆరేళ్లుగా ఆమె రాసేదంతా మామూలు పెళ్లిలో ఇమడని బతుకుల గురించి. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న జంటలు, ఇద్దరు ఆడవాళ్లు నడుపుతున్న కాపురాలు, అరవై దాటాక తోడు వెతుక్కున్న వాళ్లు. దాంతో పాటు డిప్రెషన్, ఆందోళన, నిద్రలేమి లాంటివి.

నాలుగేళ్లుగా ఆమె ఒక స్నేహితురాలితో కలిసి ఉంటున్నారు. ఆ స్నేహితురాలు ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. భర్త నుంచి విడిగా వచ్చేశారు. ఎనిమిదేళ్ల పాప ఉంది. పాప ఈవిడని పిన్ని అంటుంది. అద్దె చెరి సగం. పొద్దున్న జడలు వేసేది అమ్మ, సాయంత్రం హోంవర్క్ చూసేది పిన్ని. విడాకుల కేసు, పాప ఎవరి దగ్గర ఉండాలన్న కేసు రెండూ కోర్టులో నడుస్తున్నాయి.

ఇప్పుడు పత్రిక ఎడిటర్, "ఇన్నాళ్లూ అందరి ఇళ్ల గురించి రాశావు, ఈసారి నీ ఇంటి గురించి రాయి" అని అడిగారు. పేర్లు మార్చుకోవచ్చన్నారు. 'ఇద్దరమ్మల ఇల్లు' అని శీర్షిక కూడా ఆయనే అనుకున్నారు. గడువు వచ్చే నెల ఇరవై. స్నేహితురాలికి చెబితే, "నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి" అని లైటు ఆర్పేసి పడుకున్నారట.

ఇంకో సంగతి. మూడేళ్లుగా ఈవిడ ఆందోళనకు మందులు వాడుతున్నారు. రెండు నెలల క్రితం ఎవరికీ చెప్పకుండా ఆపేశారు. ఆసుపత్రి ఓపీ క్యూలో ఈవిడని చూసిన ఒక చుట్టం ఆ మాట చేర్చాల్సిన చోటికి చేర్చాడు. స్నేహితురాలి భర్త వెంటనే, పాప "మానసిక రోగి" పక్కన పెరుగుతోందని కోర్టు కాగితాల్లో రాయించాడు. అప్పటి నుంచి ఈవిడ రాత్రి మూడింటి దాకా మేలుకునే ఉంటున్నారు. ఆ వేళకే పాఠకుల మెసేజ్‌లు కూడా వస్తుంటాయి: "అక్కా, బతకాలని లేదు" అని.

పర్లాకిమిడిలో ఉన్న అమ్మ ఏడాదికి రెండు మూడుసార్లు బరంపురం వస్తారు గానీ ఈ ఇంట్లో రాత్రి ఉండరు. కిందటి ఠాకురాణి జాతరకు వచ్చినప్పుడు కూడా మేనత్త ఇంట్లోనే దిగారు. "ఊరోళ్ల కాపురాలు రాసింది చాలు, ఆ పిల్లకి నువ్వేటవుతావు చెప్పు" అంటారట.

ఉత్తరం ఇలా ముగిసింది: "అందరినీ తలుపులు తీయమని అడిగి, నా వంతు వచ్చేసరికి గడియ వేసుకుంటున్నాను. నేను దొంగనా? రాయాలా, మానాలా? అసలు ఈ పనిలో ఉండాలా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ "దొంగనా" సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాని కింద నలిగిపోతున్నాయి. కాదు. వంటల గురించి రాసేవాళ్లని ఎవరూ తమ వంటింటి తలుపు తీసి ఉంచమని అడగరు. మీతో మాట్లాడిన జంటలు తమ కథ చెప్పింది, వాళ్లకు చెప్పుకోవాలనిపించి. బదులుగా మీ కథ ఇస్తారని మాట తీసుకుని కాదు. ఎడిటర్ ఇది బాకీ అన్నట్టు అడిగారు, మీరు బాకీ అనుకున్నారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు, మంచి కథ వాసన పట్టడం ఎడిటర్ పని. కానీ ఆ అప్పు పత్రం మీద మీరు సంతకం చేయలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మీరు రాయాలనుకుంటున్న వ్యాసంలో రెండు కథలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి మీ ఆందోళన, మీ మందులు, ఓపీ క్యూలో తల దించుకుని కూర్చోవడం. అది పూర్తిగా మీది. దాన్ని ఈ రోజే రాసినా, పదేళ్ల తర్వాత రాసినా, ఎప్పటికీ రాయకపోయినా అడిగే హక్కు ఎవరికీ లేదు. రెండోది ఇంటి కథ. అది ముగ్గురిది. ముగ్గురిలో ఒకరు లైటు ఆర్పి పడుకున్నారు. ఇంకొకరు మూడో తరగతి. మీరు ధైర్యం చాలడం లేదని బాధపడుతున్నారు గానీ, మీ చేతిని ఆపుతున్నది భయం కాదని, మిగతా ఇద్దరి సంతకాలు లేవన్న ఎరుకేనని నాకనిపిస్తోంది.

పేర్లు మారిస్తే చాలదా అని మీరే రాసి, మీరే పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. హైదరాబాద్‌లో చదివేవాళ్లకు చాలు. బరంపురంలో చాలదు. తెలుగులో రాసే జర్నలిస్టు, ల్యాబ్‌లో పనిచేసే ఒంటరి తల్లి, ఎనిమిదేళ్ల పాప, ఒకే స్కూటీ మీద ముగ్గురు. ఇంతవరకు చదివేసరికే మీ వీధిలో ఎవరికైనా ఇల్లు తెలిసిపోతుంది. 1936లో మీ బరంపురం ఉన్న గంజాం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లినా సంబంధాలు కలుపుకోవడం మాత్రం ఇటు పాతపట్నం, టెక్కలి, పలాసలతోనే సాగింది కదా. గీత పటం మీద పడింది, చుట్టరికాల మీద పడలేదు. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి వియ్యంకుడే. ఓపీ క్యూలో మిమ్మల్ని చూసిన చుట్టం మాట కోర్టు కాగితం దాకా ఎంత సులువుగా వెళ్లిందో మీరే రాశారు. ఫోన్‌లో చదివి ఫార్వర్డ్ చేయగలిగే వ్యాసం ఇంకెంత సులువుగా వెళ్తుందో ఆలోచించండి.

కేసు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే పోతే ఎక్కువ పోయేది అక్కడే. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. మీ పాప ఆ వయసు దాటింది, కాబట్టి ఆ ఆసరా లేదు. ఇప్పుడు కోర్టు చూసేది పాప క్షేమం. అదే చట్టంలోని 13వ సెక్షన్ దాన్నే అన్నిటికంటే పైన పెట్టింది. సొంతంగా ఆలోచించి చెప్పగల వయసు వచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా అంటుంది. అంటే రేపు పాపనే పిలిచి మాట్లాడొచ్చు. మీ వ్యాసం ఎంత అందంగా ఉన్నా, అవతలి వకీలు దాన్ని అందం కోసం చదవడు. ఏ వాక్యాన్ని కత్తిరించి పిటిషన్‌కు జత చేయొచ్చా అని చదువుతాడు. 'ఇద్దరమ్మల ఇల్లు' అన్న శీర్షిక అతనికి చేతికందిన వరం.

అలాగని మీ ఇల్లు చట్టం ముందు దోషిలా నిలబడాల్సిన పని లేదు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక నర్సు కేసులో చెప్పిన మాట మీకు తెలిసే ఉంటుంది. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో పనిచేసే ఆవిడకు, భర్త మొదటి పెళ్లి పిల్లల కోసం అప్పటికే సెలవు వాడుకున్నారని ప్రసూతి సెలవు ఇవ్వలేదు. కోర్టు ఆమె పక్షాన తీర్పిస్తూ, కుటుంబం అంటే తల్లీ తండ్రీ పిల్లలే కాదు, పెళ్లి లేని సహజీవనాలూ స్వలింగ జంటల్లాంటి క్వియర్ సంబంధాలూ కుటుంబాలేనని, అలాంటి ఇళ్లకు కూడా చట్టం రక్షణ, సంక్షేమ చట్టాల ప్రయోజనాలు అందాలని అన్నది. ఇది మీకు బలం. కానీ అది సెలవు కేసు, పాపను ఎవరికివ్వాలన్న కేసు కాదు. ఆ మాటను ఎంతవరకు వాడుకోవాలో మీ స్నేహితురాలి వకీలు చూసుకుంటారు. వ్యాసం గురించి ఆయన్ని ఇప్పటిదాకా అడగలేదంటే మాత్రం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఇప్పుడు మీరు రాసీ రాయకుండా వదిలేసిన ఒక విషయం. ఉత్తరంలో "మేం స్నేహితులమే" అని ఒకటికి మూడుసార్లు రాశారు. నాలుగోసారి, "అంతకు మించి ఏమైనా ఉందా అంటే కొన్నిసార్లు నాకే తెలియదు" అని రాశారు. నేను తవ్వను. స్నేహమే అయితే అదేమీ తక్కువ కాదు, ఒక పాపను పెంచుతున్న స్నేహం అది. అంతకు మించి ఉంటే అదీ తప్పు కాదు, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత నేరం అసలే కాదు. స్వలింగ జంటలకు పెళ్లి హక్కు మాత్రం అదే కోర్టు 2023 అక్టోబర్ తీర్పులో రాలేదు, అది మీరు నాకంటే బాగా రాశారు. నేను అనేది ఒక్కటే. మీ ఇద్దరి మధ్య ఉన్నదేమిటో మీరింకా మాట్లాడుకోలేదు. ఎడిటర్ శీర్షిక మాత్రం అప్పుడే తేల్చేసింది. అచ్చులో పడ్డ మాటను వెనక్కి తీసుకోలేం. ఆ వ్యాసం వస్తే, ఆవిడ తన జీవితంలో మీరు ఎవరన్నది మీ నోటి నుంచి కాకుండా ఫోన్ తెరమీద చదువుతారు. ఆవిడకే కాదు, మీకూ అది అన్యాయమే.

మరి ఏం చేయొచ్చు? నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. ఎంచుకోవడం మీ పని.

మొత్తం ఇప్పుడే రాసేయొచ్చు. మీలాంటి ఇళ్లు తెలుగులో కనిపించవు, కనిపిస్తే ఎక్కడో ఒక ఊళ్లో ఎవరికో ఊపిరి ఆడుతుంది. దాని విలువ నేను తక్కువ చేయను. కానీ దానికి ధర చెల్లించేది ప్రధానంగా మీరు కాదు, మీ స్నేహితురాలు. ఆవిడ పనిచేసే ఆసుపత్రి, ఆవిడ కేసు, ఆవిడ పాప. ఈ దారి పట్టాలంటే ముందు ఆవిడ ఇష్టంగా ఒప్పుకోవాలి. అలసిపోయి "నీకేది మంచిదనిపిస్తే" అనడాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. ఇంటర్వ్యూలో ఎవరైనా అలా అంటే మీరు అచ్చు వేసేవారా?

లేదంటే మందుల కథ ఒక్కటే రాయొచ్చు. ఇల్లు లేకుండా, పాప లేకుండా, మీరూ మీ డాక్టరూ ఆ క్యూలో బెంచీ. ఇది మీ హక్కు. దీనికీ ఖర్చు ఉంది, మీ జబ్బు సంగతి అవతలి వకీలు చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది. కానీ వాళ్లకు ఆ సంగతి ఇప్పటికే తెలుసు. వాళ్లు గుసగుసగా అంటున్నదాన్ని మీరు తలెత్తి చెబితే ఆ గుసగుస బలం కొంత తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు కూడా. వకీలును అడిగాకే ఈ పని చేయండి.

ఇంకోటి, ఇంటి కథ రాసి దాచుకోవడం. కేసు తేలాక, పాపకు కాస్త వయసొచ్చి "నా గురించి రాస్తావా పిన్నీ" అన్న ప్రశ్నకు అర్థం తెలిశాక, ముగ్గురూ కూర్చుని చూసుకోవచ్చు. అప్పటికి ఎడిటర్‌కి ఈ కథ మీద మోజు ఉండకపోవచ్చు, ఈలోగా ఇంకెవరైనా రాసేయొచ్చు. జర్నలిస్టుగా అది నష్టమే, కాదనను. రాయకుండా వదిలేయడం కూడా ఒక దారే. కానీ ఊరికే మానేసి ఊరుకుంటే ఆ "దొంగనా" మళ్లీ మొలుస్తుంది. ఎందుకు రాయడం లేదో మీకు మీరు స్పష్టంగా చెప్పుకుని మానండి.

నా మొగ్గు ఎటో దాచను. మీ చోట నేనుంటే ఇంటి కథ పక్కన పెడతాను. మందుల కథ కూడా ఈ నెల రాయను, ఎందుకంటే ప్రస్తుతం మీరు మందులు వేసుకోవడం లేదు.

ఇక్కడ మాత్రం దారులు చూపించను. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇలాంటి మందులు ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టకపోవడం, తల తిరగడం, ఊరికే చిరాకు, పాత ఆందోళన ఎగదన్నడం చాలామందికి జరుగుతుంది. మీ రాత్రి మూడింటి మెలకువలో ఎంత దిగులు, ఎంత మందు ఆపిన ప్రభావం అన్నది ఆయనే చెప్పగలరు. మీ అంతట మీరు పాత మోతాదులో మళ్లీ మొదలుపెట్టకండి. ఆ క్యూలో మళ్లీ ఎవరైనా చూస్తారని భయమైతే వేరే డాక్టర్‌ని చూసుకోండి. కాదంటే మీ పర్లాకిమిడి రాజా వారి పేరుతో ఉన్న ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉండనే ఉంది. అంత రద్దీలో ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ పట్టదు.

పిటిషన్‌లో రాసిన ఆ మాటకు జవాబు కూడా చట్టంలోనే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) మూడో సెక్షన్‌లో, ఒకరికి మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన, సమర్థమైన కోర్టు అలా ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేని మనిషిగా లెక్కగట్టకూడదని స్పష్టంగా ఉంది. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 23వ సెక్షన్ ఇస్తుంది. క్రమంగా మందు వేసుకుని, నిద్రపోయి, సాయంత్రం పాపకు ఎక్కాలు అప్పజెప్పే మనిషి ఆ ఇంటికి బలం. భయంతో మందు ఆపేసి రాత్రంతా మేలుకునే మనిషే వాళ్ల వాదనకు పనికొస్తుంది. ఈ ముక్క వకీలు చేత కూడా చెప్పించుకోండి, నా మాట కంటే ఆయన మాటే మీకు నిద్ర పట్టిస్తుందేమో.

అదే చట్టంలో మీ ఇంటికి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. చికిత్స విషయంలో మీ తరఫున నిలబడే ప్రతినిధిని మీరే నియమించుకోవచ్చు. రక్తసంబంధీకులే కానక్కర్లేదు, ఒప్పుకున్న పెద్దవాళ్లు ఎవరైనా చాలు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే సరిపోతుంది. స్నేహితురాలి పేరు రాయండి. అలాగే బడిలో సంరక్షకుల ఫారం మీద 'పిన్ని' అని రాసినందుకు భయపడుతున్నారు కదా. పాపను తీసుకెళ్లడానికి మీకు అనుమతి ఇస్తున్నట్టు తల్లి సంతకంతో ఒక ఉత్తరం బడిలో ఇప్పించండి. అందులో చుట్టరికం ప్రసక్తే అక్కర్లేదు. బ్యాంకు ఖాతాకు నామినీగా ఎవరిని పెట్టుకోవాలన్నది కూడా మీ ఇష్టం. వ్యాసం చేసే హడావిడి ఏదీ ఇవి చేయవు, కానీ ఏ రాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే వ్యాసం కంటే ఇవే ముందు అక్కరకొస్తాయి.

మెసేజ్‌ల సంగతి. రాత్రి ఒంటిగంటకు "బతకాలని లేదు" అన్న మనిషికి జవాబివ్వకుండా ఎలా ఉంటామని అడిగారు. ఇవ్వండి, కానీ కౌన్సెలర్‌లా కాదు. మీకు ఆ శిక్షణ లేదు, పైగా ఇప్పుడు మీరే సగం మునిగి ఉన్నారు. వినండి, ఇంట్లో ఎవరినైనా లేపమని చెప్పండి, 14416 ఇవ్వండి. అది టెలి మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైంది. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ఇవాళే ప్రాణం మీదకు వచ్చేలా ఉంటే 112. మీ ప్రతి వ్యాసం కింద ఆ నంబరు వేయమని ఎడిటర్‌ని అడగండి. రాత్రి పదింటి తర్వాత మెసేజ్ పెట్టిన వాళ్లకు అదే నంబరుతో ఒక జవాబు దానంతటదే వెళ్లేలా పెట్టుకోండి. ఒకరిద్దరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనివ్వండి.

ఈ పనిలో ఉండాలా అన్నదానికి తొందర లేదు. నిద్ర పట్టే దాకా ఆ నిర్ణయం వాయిదా వేయండి. ఉండదలిస్తే మాత్రం, ఈ ఉత్తరం రాసేటప్పుడు మీకు తట్టిన ప్రశ్న ఇకపై మీ ఇంటర్వ్యూల్లో కూడా అడగండి: ఈ కథలో ఇంకెవరున్నారు, వాళ్లకు తెలుసా? అచ్చుకు వెళ్లేముందు కథ చెప్పినవాళ్లకు చదివి వినిపించి, వద్దంటే తీసేస్తానని చెప్పండి. కొన్ని మంచి కథలు పోతాయి.

ఇక అమ్మ. ఆవిడ మాటలు మీకు ములుకుల్లా గుచ్చుకున్నాయని తెలుస్తోంది. కానీ కిందటి నెల అప్పడాల డబ్బాతో పాటు "ఆ పిల్ల మునగాకు తింటుందా" అని అడిగారని ఒక వాక్యంలో రాసి, వెంటనే ఇంకో సంగతిలోకి వెళ్లిపోయారు. నేనైతే అక్కడే ఆగుతాను. ఆవిడ మీ ఇంటిని ఒప్పుకున్నారని నేను అనను, అంత తొందర పనికిరాదు. కానీ పాప తిండి గురించి అడిగే మనిషితో మాట్లాడటానికి ఒక దారి ఉంది. "ఆ పిల్లకి నువ్వేటవుతావు" అన్నదానికి వాదనతో కాకుండా మామూలుగా చెప్పి చూడండి: హోంవర్క్ చూస్తాను, జ్వరమొస్తే పక్కన పడుకుంటాను, మునగాకు పప్పులో వేస్తే తింటుంది, వేపుడు చేస్తే తినదు. ఆవిడ ఈసారి వచ్చినప్పుడు రాత్రి ఉండమని బలవంతం చేయకండి. మధ్యాహ్నం భోజనానికి పిలవండి. అన్నయ్యని మాత్రం ప్రస్తుతానికి ఇందులోకి లాగొద్దు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆయన మీకు జవాబు చెప్పరు, అమ్మకు కోపం తెప్పిస్తారు.

స్నేహితురాలితో ఇంకోసారి మాట్లాడేటప్పుడు రాత్రి పడుకునే ముందు ఎత్తకండి. ఆవిడకు ఆదివారం డ్యూటీ లేదన్నారుగా, ఆ పగలు, పాప ఆడుకోవడానికి వెళ్లినప్పుడు అడగండి. "రాయొచ్చా" అని కాకుండా, "రాస్తే నీకు ఏం భయం" అని అడగండి. చెప్పింది విని, మధ్యలో సర్దిచెప్పకండి. వ్యాసం సంగతి అక్కడే తేలిపోవచ్చు. మిగతా సంగతి, ఆ నాలుగోసారి రాసిన వాక్యం, ఆ రోజే ఎత్తాలని లేదు. ఎత్తాలనిపిస్తే మాత్రం వ్యాసం సంగతి పూర్తిగా పక్కకు పెట్టాకే ఎత్తండి. లేకపోతే కథ కోసం అడుగుతున్నారేమోనని ఆవిడకు అనుమానం వస్తుంది.

ఎడిటర్‌కి పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. "ఇంట్లో కోర్టు కేసు ఉంది, మిగతావాళ్ల అనుమతి లేదు, ఈ వ్యాసం ఇప్పుడు ఇవ్వలేను" అని రెండు ముక్కలు రాయండి. ఆయన మంచివారే అని మీరే అన్నారు కాబట్టి అర్థం చేసుకుంటారు. చేసుకోకపోతే ఆయన గురించి మీకొక సంగతి తెలిసినట్టే. గడువు ఇరవై దాకా ఉందని ఆగకుండా ఈ వారమే రాసేయండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం దానికంటే ముందే తీసుకోండి.